పది చుక్కల కడుగు వాటా

మా వీధి చివర రంగుల కార్ఖానా ఉంది. అందులో ఏ రోజు ఏ రంగు తీస్తున్నారో తెలుసుకోవడానికి మాలో ఎవరికీ అక్కడిదాకా నడిచే పని ఉండేది కాదు. సాయంత్రం అయిదింటికి మా మెట్లెక్కి వచ్చే రంగులక్క చేతులు చూస్తే చాలు. వేళ్ళు నీలంగా ఉంటే నీలం, ఎర్రగా ఉంటే ఎరుపు. మోచేతుల దాకా నల్లగా ఉంటే మాత్రం ఆ రోజు ఎవరితోనూ మాట్లాడదని అర్థం. నలుపు తీసిన రోజు నడుం రెండు ముక్కలవుతుందట. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కాచుకుని ఉండేదాన్ని. "ఏమే, ఇవాళ ఆకుపచ్చా?" అని నేను అడగడం, "కాదు పిన్నీ, చిలకపచ్చ. కళ్ళద్దాలు మార్చుకోండి" అని తను నవ్వుకుంటూ ఎక్కిపోవడం. పద్ధెనిమిదేళ్ళు ఇలాగే నడిచింది.

రంగులక్క అంటే ఏ ముసలావిడో అనుకునేరు. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఆవిరి మోతలో అరిచి అరిచి గొంతు అలా అయిపోయిందంటుంది. భర్త బస్సు డ్రైవరు. పిల్లలు లేరు, ఆ సంగతి గురించి మా మెట్ల మీద ఎవరూ నోరెత్తకుండా నేనే చూసుకున్నాను. స్కూలు చదువు మంచి మార్కులతో పూర్తిచేసింది. తండ్రి మంచాన పడడంతో కాలేజీ మాట ఎత్తకుండా పనిలో చేరి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి రంగు తొట్టి దగ్గర కుదురుకుంది.

తొట్టి పనంటే మాటలు కాదు. మరుగుతున్న రంగునీళ్ళలో నూలు చిలపలను, అంటే నూలు కట్టలను, కర్రలకు వేలాడదీసి ముంచాలి, తిప్పాలి, తీయాలి, రంగు ఎంత ఎక్కిందో చూడాలి, మళ్ళీ ముంచాలి. ఆవిరికి ముఖం ఉడికిపోతుంది. ఆ కార్ఖానా మీది అంతస్తులో ఒక చిన్న గది ఉంది. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ, తెల్లటి బల్ల, బల్ల మీద వరసగా గాజు సీసాలు. కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్క చూసి, ఆ రంగు రావాలంటే ఏది ఎంత కలపాలో చీటీ రాసే మాస్టారు అందులో కూర్చుంటాడు. కింద తొట్ల దగ్గర ఆ చీటీ ప్రకారం కలుపుతారు. చీటీలో తేడా ఉందనిపిస్తే రంగులక్క పైకెళ్ళి చెప్పేది. ఆయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఆమె చెప్పినట్టు దిద్దేవాడు.

ఆ మాస్టారు వచ్చే వేసవికి పని మానేస్తున్నాడని తెలిసింది. రంగులక్క తడి చేతులు కూడా తుడుచుకోకుండా యజమాని దగ్గరికి వెళ్ళి, "ఆ గది నాకివ్వండి" అని అడిగేసింది.

"ఇచ్చేవాణ్ణే," అన్నాడాయన. "నీ కన్ను సంగతి నాకు తెలియదా? కానీ ఇప్పుడు కొనేవాళ్ళు, గదిలో కూర్చునే మనిషి కెమిస్ట్రీ చదివారా అని అడుగుతున్నారమ్మా. సాయంత్రం కాలేజీలో మొదటి ఏడాది కెమిస్ట్రీ ఉందట. అరవై మార్కులతో పాసై కాగితం పట్టుకురా, తాళంచెవి నీ చేతిలో పెడతాను. తేలేకపోతే బయటినుంచి ఎవరినో చూసుకుంటాను. ఏమనుకోకు."

ఆ సాయంత్రం తను పైకెళ్ళలేదు. నా కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుంది. వేళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి.

"పిన్నీ, నేను కాలేజీలో చేరుతున్నా."

"చేరు. ఏం చదువు?"

"కెమిస్ట్రీ."

"అంటే?"

"ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో చెప్పే చదువు."

"అయితే అది నాకూ కావాలి," అన్నాను. "నలభై ఏళ్ళుగా ఈ గుమ్మంలో కూర్చుని నేను చూస్తున్నది అదేగా!"

డ్యూటీనుంచి వచ్చి మెట్లెక్కుతున్న డ్రైవరు ఆగిపోయాడు. "కాలేజీయా? మరి సాయంత్రం వంటో?"

"నువ్వు."

"నేనా! నాకు స్టీరింగు తిప్పడం తప్ప ఏం వచ్చు?"

"గరిటె కూడా గుండ్రంగానే తిప్పాలి. అలవాటైన పనేగా."

నేను నవ్వాపుకోలేక కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఆ వారం నుంచీ వాళ్ళింట్లోంచి మాడు వాసన మొదలైంది. పాపం, మూడు నెలల్లో బాగానే తగ్గింది.

కాలేజీ పగలు కుర్రకారుకి, సాయంత్రం ఆరింటినుంచి పనిచేసుకునేవాళ్ళకి. మొదటిరోజు రంగులక్క అరగంట ముందే వెళ్ళింది. ల్యాబు తలుపు తెరిచే ఉంది. రాతి బల్లలు, బల్లకొక చిన్న తొట్టి, తొట్ల నిండా పగటివాళ్ళు కడక్కుండా వదిలేసిన గాజు సామాను. కార్ఖానాలో ముందొచ్చినవాళ్ళే తొట్లు కడగాలి. ఆ అలవాటు ఊరుకోనిస్తుందా? చేతులు పైకి మడుచుకుని మొదలుపెట్టింది. సగం సామాను కడిగి బోర్లించేసరికి లెక్చరర్ మేడమ్ వచ్చింది. సన్నగా, ముప్పై ఏళ్ళుంటాయేమో, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని తిరుగుతుంది.

"ఆగండాగండి! అందులో ఏముందో తెలుసా మీకు? వట్టి చేతుల్తో ముట్టుకుంటారా?"

"కడిగిపెడదామని మేడమ్."

"కొత్తగా పనిలో చేరారా?"

"కాదు మేడమ్. చదువులో చేరాను."

మేడమ్ ఆ చేతులకేసి చూసి కంగారుపడింది. "అయ్యో, అప్పుడే చర్మం కాలిపోయిందా?"

"కాదు మేడమ్. ఇవాళ నారింజ తీశాం."

ఏం పోశారో తెలియని గిన్నెను చేత్తో ముట్టుకోకూడదు. అదీ ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. మర్నాడు మా ఇంటికొచ్చి నా వంటింట్లో పేరు రాయని సీసాలన్నిటికీ చీటీలు అంటించింది. ఇన్నాళ్ళూ నాకు ఏది ఏదో తెలుసు. చీటీలు అంటించాక చదువుకోవాల్సి వచ్చింది.

మొదట్లో పాఠాలు తల మీదుగా పోయాయి. ఇరవై ఏళ్ళ వెనకటి చదువంతా తొట్టిలో ఆవిరైపోయిందని ఏడుపుముఖం పెట్టింది. "చదివి నాకు వినిపించు," అన్నాను. నేను చదివింది అయిదో తరగతి. అయినా నాకు అడగడం వచ్చు కదా! ఆదివారం మధ్యాహ్నాలు మేడ మీద ఆరేసిన దుప్పట్ల నీడలో కూర్చుని తను చదివేది, నేను అడ్డు తగిలేదాన్ని. "అణువు కంటికి కనబడదంటున్నావు. మరి ఉందని ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలిసింది?" జవాబు తెలిస్తే చెప్పేది. తెలియకపోతే కాగితం మీద రాసుకుని మర్నాడు మేడమ్‌ని అడిగి వచ్చేది.

ఒకరోజు నీళ్ళ గురించి చదివింది. నీళ్ళలో రెండు వాయువులు ఉంటాయట. ఒకటి భగ్గున మండేది, ఇంకొకటి మంటను మండనిచ్చేది. నాకు ఒళ్ళు మండింది. "మండేదీ మండించేదీ కలిస్తే, మంట మీద పోస్తే ఆర్పేసేది ఎలా అవుతుందే? నీ పుస్తకంలో తప్పు పడింది!"

తను ఆ ప్రశ్న కాగితం మీద రాసుకుంది. రెండు రోజుల తర్వాత మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. "పిన్నీ, మేడమ్‌ని అడిగాను. ఇంతమంది పిల్లల్లో ఒక్కరు కూడా అడగలేదు, ఈ ప్రశ్న ఎవరిదన్నారు. మా పిన్నిది, అయిదో క్లాసన్నాను."

"ఆ పొగడ్తలు తర్వాత. జవాబేది?"

"నీళ్ళంటే అప్పటికే కాలిపోయిన హైడ్రోజనట. బూడిదను మళ్ళీ అంటించగలరా పిన్నీ? ఇదీ అంతే."

నేను వంటింట్లోకి వెళ్ళి బిందె మూత తీసి చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళూ నేను తాగింది బూడిదా! రెండు రోజులు గ్లాసు ఎత్తినప్పుడల్లా నవ్వొచ్చింది. మా మనవళ్ళు నన్ను బూడిద నానమ్మ అని పిలవడం అప్పుడే మొదలుపెట్టారు.

సమీకరణాలు ఆమెకు మింగుడుపడలేదు. బాణం గుర్తుకు ఇటూ అటూ లెక్క కుదరాలట, ఎంత దిద్దినా కుదరదు. కాగితాలు చించి పోస్తుంటే, గరిటె పట్టుకుని నిలబడ్డ డ్రైవరు తొంగిచూశాడు.

"ఇందులో కష్టమేముంది? ఎక్కినవాళ్ళంతా దిగాలి. దారిలో సీట్లు మారతారు, పక్కన కూర్చునేవాళ్ళు మారతారు. కానీ ఆఖరి స్టాపులో ఎక్కినంతమందే దిగాలి. నలుగురెక్కి అయిదుగురు దిగితే కండక్టరు నన్ను నిలబెట్టి అడుగుతాడు."

రంగులక్క కాగితం కేసి చూసింది. రెండు హైడ్రోజన్ జంటలు ఎక్కించింది, ఒక ఆక్సిజన్ జంటను ఎక్కించింది, రెండు నీళ్ళు దింపింది. లెక్క కుదిరింది.

"నువ్వే కాలేజీకి వెళ్ళాల్సింది," అంది మొగుడితో.

"వెళ్తే వంటెవరు చేస్తారు?" అన్నాడతను.

ఇక పాళ్ళు, బరువులు, ఎంతకి ఎంత అనే లెక్కలు ఇట్టే వచ్చేశాయి. వంద కిలోల నూలుకు రెండు కిలోల రంగైతే ముప్పై అయిదు కిలోలకెంత అని తొట్టి పక్కన పద్ధెనిమిదేళ్ళు నోటితో కట్టిన మనిషి. పక్క బల్ల కళ్ళజోడు పిల్ల ఈ లెక్కల కోసం ఆమె దగ్గరే చేరేది. పంతొమ్మిదేళ్ళది, పగలు మందుల షాపులో పని. "ఆంటీ, మీ తలలో కాలిక్యులేటర్ ఉందా?" అనేది.

అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా నాలుగో నెలలో ల్యాబు పరీక్ష వచ్చింది. దానికి పదిహేను మార్కులు. చేయాల్సిన పనేమిటో ముందురోజు నాకు చేతులు తిప్పుతూ చెప్పింది. పొడుగాటి గాజుగొట్టం, దాని పేరు బ్యూరెట్, దాని నిండా క్షారం. కింద ఫ్లాస్కులో కొలిచి పోసిన ఆమ్లం, అందులో సూచిక మందు రెండు చుక్కలు. పైనుంచి క్షారం కొంచెం కొంచెంగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుండాలి. ఆమ్లం పూర్తిగా అయిపోయిన క్షణాన, నీళ్ళలా ఉన్నది గులాబీ రంగుకు తిరుగుతుంది. అక్కడ ఆపి, ఎంత క్షారం దిగిందో గొట్టం మీది గీతల్లో చూసి రాయాలి. ఇలా మూడుసార్లు.

"రంగు చూసి చెయ్యడమే పరీక్షట పిన్నీ! కళ్ళు మూసుకుని చేసేస్తా."

"కళ్ళు మూసుకుంటే రంగెలా కనబడుతుందే?" అన్నాను.

మర్నాడు రాత్రి కాలేజీనుంచి వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో దాచుకుంది. ఏ రంగో కనబడనివ్వలేదు.

"సున్నా పిన్నీ. అంతేకాదు, కల్పించి రాశానన్నారు."

మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పద్ధెనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. అలాగే రాసింది. రావాల్సింది పద్ధెనిమిది పాయింట్ నాలుగు. మేడమ్ కాగితం చూసి, "మొదటి ఏడాదివాళ్ళకి మూడు రీడింగులు ఒక్కటిగా రావమ్మా. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. మూడూ ఒకటే, మూడూ తప్పు! ఇవి చేసి రాసినవి కావు, కూర్చుని కల్పించినవి," అందట. కల్పించినట్టు తేలితే ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. అంటే పై గది తలుపు మూసుకుపోయినట్టే.

"కల్పించావా?" అని అడిగాను.

"పిన్నీ!"

"అడగాలి కదా. లేదు కదా, అయితే ఆ మాట ఆవిడ ముందే తేల్చుకుందాం. మళ్ళీ చేసి చూపిస్తానను."

"అన్నాను. రేపు రమ్మన్నారు."

"నేనూ వస్తాను."

వద్దంటే ఆగే మనిషినా నేను? పైగా ఆ గులాబీ రంగు ఎలా తిరుగుతుందో చూడాలని నాకు విన్నప్పటినుంచీ మనసు పీకుతోంది.

ల్యాబులో నాకొక ఎత్తు స్టూలు వేశారు. మేడమ్ నన్ను చూసి, "వీరెవరు?" అంది. "మా పిన్ని. నీళ్ళ ప్రశ్న అడిగింది వీరే," అంది రంగులక్క. అంత కోపంలోనూ మేడమ్ ముఖం కాస్త విచ్చుకుంది. "మీరేనా! కూర్చోండి. ఏమీ ముట్టుకోకండి."

రంగులక్క తెల్ల కోటు తొడుక్కుంది. ఎడంచేత్తో గొట్టం మర తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కు గుండ్రంగా తిప్పుతోంది. చుక్క పడ్డచోట గులాబీ మెరిసి మాయమవుతోంది. మెరుస్తోంది, మాయమవుతోంది. నేను స్టూలు మీదినుంచి ముందుకు వంగాను. ఒక చుక్కకు మాత్రం రంగు మాయం కాలేదు. ఎంత లేత రంగంటే, చలికి మా చిన్న మనవరాలి చెవి అంచున ఎక్కే ఎరుపంత. అబ్బ, ఎంత బావుందో! నేనలా చూస్తుండగానే రంగులక్క చెయ్యి టపటపటపమని ఇంకో పది చుక్కలు వదిలి మర కట్టేసింది. ఫ్లాస్కులో లేత గులాబీ కాస్తా చిక్కబడింది.

"చూడండి మేడమ్. పద్ధెనిమిది పాయింట్ తొమ్మిది!" అంది గర్వంగా.

మేడమ్ గొట్టంకేసి చూడలేదు. ఆమె చేతికేసి చూస్తోంది. "రంగు నిలిచాక మళ్ళీ ఎందుకు వదిలారు?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. పది చుక్కలు."

"అవా? అవి కడుగు వాటా మేడమ్."

"ఏ వాటా?"

రంగులక్క తెలియని పిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "కోరిన రంగు వచ్చిందని అక్కడే ఆపేస్తే ఎలా మేడమ్? తర్వాత నూలు కడుగుతాం కదా. కడుగులో కొంత రంగు పోతుంది. అందుకని వచ్చిన రంగు మీద ఇంకొంచెం ఎక్కించి తీస్తాం. దాన్నే కడుగు వాటా అంటాం. నాకు తొట్టి పని నేర్పినావిడ మొదట నేర్పింది అదే. అది వెయ్యకపోతే బట్ట వెలవెలబోతుంది."

మేడమ్ ఫ్లాస్కు తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "మరి దీన్ని ఎవరు ఉతుకుతారమ్మా?"

రంగులక్క ఫ్లాస్కును చూసింది, తన చేతిని చూసుకుంది, మళ్ళీ ఫ్లాస్కును చూసింది. ముందు నవ్వింది నేనే. స్టూలు మీదినుంచి జారబోయాను. తర్వాత మేడమ్‌కు నవ్వాగలేదు, చెవి మీది సుద్దముక్క ఎగిరి తొట్టిలో పడింది. ఆఖరికి రంగులక్క కూడా తల పట్టుకుని నవ్వింది.

మేడమ్ కళ్ళు తుడుచుకుని లెక్క కట్టింది. "ఈ గొట్టంలో పది చుక్కలంటే అర మిల్లీలీటరు. మీ పద్ధెనిమిది పాయింట్ తొమ్మిదిలోంచి తీసెయ్యండి."

"పద్ధెనిమిది పాయింట్ నాలుగు," అంది రంగులక్క మెల్లగా.

"మూడుసార్లూ చుక్క తేడా లేకుండా! ఆరేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇలాంటి కన్ను చూడలేదు. కల్పించారన్నాను, నా తప్పు. క్షమించండి." ఆ వెంటనే అంది: "కానీ కాగితం మీద రాసిన జవాబు తప్పే. సున్నా సున్నాయే. మిగిలిన ఎనభై అయిదులో అరవై తెచ్చుకోండి. ఆ చెయ్యిని ఆపడం నేర్చుకోండి."

వినడానికి చిన్న పనే. కానీ పద్ధెనిమిదేళ్ళ చెయ్యి మాట వింటుందా? ఆ వారంనుంచి మా మేడ మీదే ల్యాబు. నా తెల్ల సాసరు, చెవిలో మందు వేసుకునే చుక్కల గొట్టం, వెనిగర్‌లో చిటికెడు పసుపు, పక్కన చాకలి సోడా నీళ్ళు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. ఎందుకని ఎర్రబడుతుందో తెలియక ఇన్నేళ్ళూ సబ్బునే తిట్టాను. ఇదీ ఆ గులాబీ మందులాంటిదేనట, సోడా తగిలితే రంగు మారుస్తుందట. సోడా చుక్క పడగానే సాసర్లో బుసబుసమని పొంగు, ఎరుపు మెరవడం, మాయమవడం. నిలిచిన క్షణాన "ఆపు!" అని నేను అరవాలి. నేను అరిచేలోపే చెయ్యి కడుగు వాటా వేసేసేది.

"ఆపమన్నానా!"

"ఆపాను పిన్నీ, చెయ్యే ఆగలేదు."

డ్రైవరు దుప్పట్లు తీయడానికి వచ్చి చూసి, "మా ఆవిణ్ణి ఆపడం నావల్లే కాలేదు ఇరవై ఏళ్ళుగా. మీవల్ల ఏమవుతుంది పిన్నిగారూ!" అన్నాడు.

మూడు వారాలకు చెయ్యి ఆగడం మొదలైంది. మేం సంబరపడిపోయాం. ఆ మర్నాడే కార్ఖానాలో గోల. ఒక తొట్టి నూలంతా కడిగేసరికి వెలవెలబోయింది. రంగులక్క చెయ్యి అక్కడ కూడా ఆగిపోయింది!

"కాలేజీకి వెళ్ళి ఉన్న విద్య కూడా పోగొట్టుకున్నావా?" అని యజమాని కేకలేశాడు. నూలంతా మళ్ళీ ముంచి తీసేసరికి సాయంత్రమైంది. ఇంటికొచ్చి, "అటు పోతే తొట్టి పోయేలా ఉంది, ఇటు పోతే చదువు పోయేలా ఉంది," అని మెట్ల మీద కూర్చుంది.

ఉపాయం చెప్పింది మళ్ళీ డ్రైవరే. "నేను బస్సులో కూర్చుంటే బ్రేకు మీద కాలుంటుంది. దిగితే ఉండదు. ఇంట్లో బ్రేకు తొక్కుతానా?"

"నిద్రలో తొక్కుతావు. నా కాలు మీద."

"అదొదిలెయ్. తెల్లకోటు వేసుకుంటే ఒక చెయ్యి, విప్పితే ఇంకో చెయ్యి. అంతే అనుకో."

అప్పటినుంచి మేడ మీదికి కూడా కోటు తొడుక్కుని వచ్చేది. రంగు నిలిచిందా, మర కట్టేసి చెయ్యి టక్కున కోటు జేబులో పెట్టేసుకోవాలి. జేబులో ఉన్న చెయ్యి చుక్కలు వెయ్యలేదు కదా! కార్ఖానాలో కోటు లేదు, జేబూ లేదు, అక్కడ కడుగు వాటా మామూలే. పది రోజుల్లో రెండు చేతులూ వేటి పని అవి చేసుకోవడం మొదలుపెట్టాయి.

ఆఖరి పరీక్ష ల్యాబులో ఏం జరిగిందో కళ్ళజోడు పిల్ల మా ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది. "ఆంటీ ఫ్లాస్కు నాకు నీళ్ళలాగే కనబడింది పిన్నిగారూ. రంగు రాకుండానే ఆపేసి చెయ్యి జేబులో పెట్టేసుకున్నారు. అయ్యో, కంగారులో ఆపేశారనుకున్నా. మాట్లాడకూడదు కదా, దగ్గాను. తిరిగి చూడలేదు. ఇంకా గట్టిగా దగ్గాను. మేడమ్ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు! తర్వాత ఆంటీ ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టారు. అప్పుడు కనబడింది. ఉందా లేదా అన్నంత గులాబీ. మూడుసార్లూ అంతే."

రాత పరీక్ష గంట మోగేదాకా రాసిందట. ఎలా రాశావంటే, "ఎక్కినవాళ్ళందరినీ దింపేశాను పిన్నీ, ఎవరు ఏ స్టాపులో దిగారో మాత్రం తెలియదు," అంది.

మార్కుల జాబితా కాలేజీ గేటు పక్కన బోర్డు మీద పెట్టారు. ఆ ఉదయం రంగులక్క తొట్టి దగ్గర ఉంది. డ్రైవరు బస్సు కాలేజీ ముందునుంచే వెళ్తుంది. స్టాపులో జనం దిగుతుండగా అతను కూడా దిగి బోర్డు దగ్గరికి పరిగెత్తాడట. బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"అరవై ఏడు!" అని అరిచాడు అక్కడినుంచే.

"అది మన బస్సు నంబరు కాదే?" అంది ఒక ముసలావిడ కంగారుగా.

"నంబరు కాదమ్మా, నా భార్య మార్కులు!"

బస్సంతా చప్పట్లు. మా వీధిలోకి వచ్చేసరికి ఆగకుండా హారన్ మోగించాడు. నేను గుమ్మంలోంచి లేచేలోపు కిటికీలోంచి "అరవై ఏడు పిన్నిగారూ!" అని కేకేసి పోయాడు. చెప్పులు కూడా వేసుకోకుండా కార్ఖానాకు పరిగెత్తాను. ఎప్పుడూ లోపలికి వెళ్ళింది లేదు. ఆవిరిలో ఎవరు ఎవరో కనబడలేదు. పెద్ద గొంతు ఎటునుంచి వస్తోందో చూసుకుని అటు వెళ్ళి చెప్పాను. తను చేతిలో కర్రను జాగ్రత్తగా తొట్టి మీద ఆనించి, కడుగు వాటా వేసి, అప్పుడు నన్ను కావలించుకుంది. నా వీపు మీద రెండు ఆకుపచ్చ అరచేతులు అచ్చుపడ్డాయి. ఆ జాకెట్టు ఇప్పటికీ ఉంది. రంగు పోదు, బాగా ఎక్కించిన రంగు కదా!

రాతలో నలభై మూడు, ల్యాబులో పాతికకు ఇరవై నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో నేను ఊరుకోలేక మేడమ్‌ని అడిగి వచ్చాను. జవాబు కాగితం మీద ఆకుపచ్చ వేలిముద్ర పడిందట.

యజమాని మాట నిలబెట్టుకున్నాడు. వేసవి అయ్యాక పై గది తాళంచెవి రంగులక్క చేతికొచ్చింది. ఇప్పుడు చేతికి తొడుగులు వేసుకుని పని చేస్తుంది. సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే వేళ్ళు మామూలు మనుషుల వేళ్ళలా ఉంటున్నాయి. కార్ఖానాలో ఏ రంగు తీస్తున్నారో వీధిలో ఎవరికీ తెలియడం లేదు. నాకు మాత్రం తోచడం లేదు. ఆ సంగతే తనతో అంటే, "అయితే వచ్చి చూడండి," అంది.

వెళ్ళాను. తెల్లటి బల్ల, పెద్ద కిటికీ, ప్రతి సీసా మీదా గుండ్రని అక్షరాలతో చీటీ. గోడకు కడుగు వాటా పట్టిక అంటించి ఉంది; ఏ రంగుకు ఎంత వాటా అని తూకం వేసి తనే తయారుచేసిందట. ఒక మూల చిన్న స్టాండుకు బ్యూరెట్ కూడా ఉంది. సోడా నీళ్ళు ఎంత ఘాటుగా ఉన్నాయో చూడడానికట.

"పిన్నీ, మీరు వేస్తారా?" అంది.

నా కళ్ళకు పెద్ద అద్దాలు పెట్టింది. నాకు తన పాత తెల్లకోటు తొడిగింది. ఎడంచేత్తో మర, కుడిచేత్తో ఫ్లాస్కు. రంగు మెరిసింది, మాయమైంది. మెరిసింది, మాయమైంది. నిలిచింది! అదుగో, మా మనవరాలి చెవి అంచు రంగు. ఇంకొక్క చుక్క వేస్తే ఏమవుతుందో చూడొద్దూ? ఒక్కటంటే ఒక్కటి. ఇంకోటి.

"పిన్నీ, జేబు!" అని అరిచింది రంగులక్క.

అప్పటికే ఫ్లాస్కు గులాబీపూల తోటయి కూర్చుంది. తను నవ్వుతూ అది ఒంపేసి, కడిగి, నాకు మళ్ళీ ఇంకో ఫ్లాస్కు నింపి ఇచ్చింది.